అమ్మమ్మల నాటి వంటిల్లు: నిలుపుకోవలసినవి, విడువవలసినవి

ఆరోగ్యానికి మూలం ఆహారం. ఆహారానికి పుట్టినిల్లు వంటిల్లు. అందుచేతనే మన పూర్వులు వంటింటిని దేవుని గదితో సమానంగా చూశారు. ఇటీవలి కాలంలో మట్టికుండలు, రోటి పచ్చళ్లు, కట్టెల పొయ్యి అనే మాటలు మళ్లీ వినవస్తున్నాయి. ‘కట్టెల పొయ్యి మీద వండిన భోజనం’ అని బోర్డు కట్టిన భోజనశాలలు రహదారుల పక్కన కనిపిస్తున్నాయి. వెనుకటి వంటింట్లో ఉన్నదంతా ఆయుర్వేదమేననీ, గ్యాసు, కుక్కరు, మిక్సీ వచ్చిన తరువాతనే రోగాలు ఇంటింటా ప్రవేశించాయనీ చాలామంది విశ్వసిస్తున్నారు.

ఈ విశ్వాసంలో నిజం ఎంత? సుమారు 1940 నుంచి 1970 వరకు తెలుగు మధ్యతరగతి ఇళ్లలో వంట ఎట్లా సాగేదో, కొత్త సాధనాలు ఎప్పుడు వచ్చాయో, వాటివల్ల కలిగిన మేలు కీడులేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ప్రతి సాధనాన్నీ రెండు ప్రశ్నలు అడుగుదాం. ఇది అన్నానికి ఏమి చేస్తుంది? వండే మనిషికి ఏమి చేస్తుంది? మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. రెండవది అడిగేవారు తక్కువ.

ఆనాటి వంటిల్లు

పెరటి వైపు ఒక మూల గది. గోడలు మసిబారి ఉండేవి. మట్టితో వేసి పేడతో అలికిన పొయ్యి, దానికి ఆనుకొని పక్కపొయ్యి, చేరువలో ఊదుగొట్టం. వంటచెరకుగా తుమ్మ, సరుగుడు కట్టెలు, కందికంప, పిడకలు వాడేవారు. పట్నాలలో బొగ్గుల కుంపటి, రంపపు పొట్టు కూరిన పొట్టు పొయ్యి ఉండేవి. పాలు దాలిలో పిడకల సెగ మీద నెమ్మదిగా కాగి ఎర్రబడేవి. రాచిప్పలో పులుసు, ఇత్తడి గిన్నెలో అన్నం, ఇనుప మూకుడులో వేపుడు, జాడీలలో ఊరగాయలు, ఉట్టి మీద పెరుగు, వెన్న. రోలు, రోకలి, రుబ్బురోలు, తిరగలి, సన్నికల్లు, కత్తిపీట, కవ్వం లేని ఇల్లు లేదు.

కొంత కలిగినవారి ఇళ్లలో కిరసనాయిలు పంపు స్టవ్వు చేరింది. స్వీడను దేశంలో 1892లో రూపొందిన ప్రైమస్ స్టవ్వు దీనికి మూలం. బొగ్గుల సెగ మీద అన్నం, పప్పు, కూర ఒకేసారి ఆవిరిలో ఉడికించే ఇక్మిక్ కుక్కరును బెంగాలుకు చెందిన ఇందుమాధవ్ మల్లిక్ 1910లోనే రూపొందించారు. అయినా నిత్యం వంట అంతా కట్టెల మీదనే ఆధారపడి ఉండేది.

పొగను గురించి శాస్త్రం చెప్పినది

పాత వంటింటిని పొగడేవారు మొదట తలచుకోవలసినది పొగను. కట్టెల మీద వండిన పులుసుకు ఒక కమ్మదనం ఉన్న మాట నిజమే. ఆ కమ్మదనం తిన్నవారికి దక్కింది. పొగ మాత్రం వండినవారికి దక్కింది.

కట్టెల పొయ్యిని సమర్థించడానికి ఆయుర్వేదాన్ని సాక్ష్యానికి పిలవడం సరికాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయంలో పొగవల్ల పీడితుడైన రోగి లక్షణాలు విపులంగా ఉన్నాయి. ఆయాసం, తుమ్ములు, దగ్గు, కళ్ల మంట, కళ్లు ఎర్రబడడం, వాసన, రుచి తెలియకపోవడం మొదలైనవి అందులో చెప్పబడ్డాయి. చరక సంహిత చికిత్సాస్థానంలో శ్వాసరోగ కారణాలను చెప్పేచోట దుమ్ముతో పాటు పొగ కూడా పేర్కొనబడింది. అంటే పొగ రోగకారణమని మన ప్రాచీన వైద్యులకు స్పష్టంగా తెలుసు. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం మూడు గంటలు ఆ పొగలో కూర్చున్న ఇల్లాలిని ఏ వైద్యుని దగ్గరకూ తీసుకొని వెళ్లలేదు. ఆమె దగ్గును ఇంటిపనిలో భాగంగానే లెక్క కట్టారు.

ఆధునిక వైద్యం ఈ విషయాన్ని మన దేశంలోనే నిరూపించింది. ప్రసిద్ధ హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్. పద్మావతి తన సహచరుడు పాఠక్‌తో కలిసి ఢిల్లీలో 127 మంది రోగులను పరిశీలించి, 1959లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధివల్ల గుండె కుడిభాగం దెబ్బతినే రోగం అది. పొగతాగే అలవాటు పురుషులలోనే ఎక్కువ గనుక రోగం కూడా వారికే ఎక్కువగా రావాలి. ఢిల్లీలో మాత్రం స్త్రీలు కూడా దాదాపు అంతే సంఖ్యలో, అదీ తక్కువ వయసులోనే ఈ రోగానికి గురవుతున్నట్లు కనిపించింది. పేడ పిడకలు, కట్టెలు కాల్చే వంటింటి పొగ ఇందుకు ముఖ్య కారణమై ఉంటుందని వారు భావించారు. బీడీ ముట్టని స్త్రీ, బీడీ తాగే పురుషుని రోగాన్ని వంటింట్లో తెచ్చుకుంది. ఇంటి పొగవల్ల ప్రపంచమంతటా 2020లో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

హైదరాబాదు పొగలేని పొయ్యి

ఈ బాధను తొలగించే ప్రయత్నం మన హైదరాబాదులోనే జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయ అధిపతిగా ఉన్న డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల ప్రారంభంలో పొగలేని మట్టి పొయ్యిని రూపొందించారు. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే ఆయన పుస్తకం 1953లో వెలువడింది. ఒకచోట మంట పెడితే వేడి లోపలి సొరంగం గుండా సాగి రెండు మూడు గిన్నెలకు అందుతుంది. మిగిలిన వేడితో నీళ్లు కాగుతాయి. పొగ గొట్టం ద్వారా ఇంటి కప్పు దాటిపోతుంది. ఖర్చు స్వల్పం, మట్టి, ఇటుకలు చాలు.

ఇంత మంచి పొయ్యి ఇంటింటా ఎందుకు నిలవలేదు? గొట్టంలో పేరుకొన్న మసిని తరచు దులపాలి. రంధ్రాలకు సరిపోయే గిన్నెలే పెట్టాలి, లేకుంటే సందుల నుంచి పొగ మళ్లీ గదిలోకే వస్తుంది. చిట్లిన మట్టిని ఎప్పటికప్పుడు మెత్తాలి. ఈ ఓపిక, నేర్పు లేనిచోట పొగలేని పొయ్యి కొద్దికాలానికే పొగ పొయ్యిగా మారిపోయేది. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకాన్ని దేశమంతటా ప్రారంభించినప్పుడు కూడా ఇవే చిక్కులు ఎదురయ్యాయి.

అసలైన ఉపశమనం గ్యాసు ద్వారానే లభించింది. 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ వంటగ్యాసు అమ్మకం ప్రారంభించింది. 1965లో కలకత్తాలో ఇండేన్ మొదటి కనెక్షను ఇచ్చారు. పల్లెలోని పేద ఇంటికి అది చేరడానికి మరి మూడు నాలుగు దశాబ్దాలు పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం అందుకు తోడ్పడ్డాయి. గ్యాసు వచ్చిన ఇంట్లో ఊదుగొట్టం మూలబడింది. అది మూలబడినందుకు విచారించవలసిన పని లేదు.

ఇక కుంపటి విషయం. బొగ్గులు కణకణలాడుతూ పొగ లేకుండా మండుతాయి గనుక ప్రమాదం లేదని భావించేవారు. వాస్తవానికి బొగ్గుల నుంచి రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. మూసిన గదిలో నిద్రపోతున్నవారు మేలుకోకుండానే ప్రాణాలు కోల్పోవచ్చు. చలికాలంలో బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటు ఇప్పటికీ అక్కడక్కడ ఉంది. దీనిని పూర్తిగా మానివేయాలి. పసిబిడ్డకు సాంబ్రాణి పొగ పట్టడం కూడా మానుకోవాలి. లేత ఊపిరితిత్తులకు ఏ పొగయినా పొగే. జుట్టు ఆరడానికి మెత్తని పొడిబట్ట చాలు.

పొగకు కళ్లు మండితే చల్లని మంచినీటితో బాగా కడిగి, గాలి వచ్చేచోట కూర్చోవాలి. గొంతు గరగరకు అరచెంచా అతిమధురం చూర్ణాన్ని గ్లాసు నీటిలో వేసి, సగమయ్యేవరకు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా పుచ్చుకోవచ్చు. రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు దీనిని వాడరాదు. పొగలో చిక్కుకొని ఆయాసపడేవారిని, మగతగా ఉన్నవారిని ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

పాత్రల విషయంలో పెద్దల జ్ఞానం

పొగ విషయంలో పాత వంటిల్లు ఓడిపోయినా, పాత్రల విషయంలో దాని జ్ఞానం గొప్పది. ఏ పదార్థం ఏ పాత్రలో ఉండాలో సుశ్రుతుడు సూత్రస్థానం 46వ అధ్యాయంలో వివరించాడు. నెయ్యి ఇనుప పాత్రలో, పేయ అనే జావ వెండి పాత్రలో, పండ్లు, భక్ష్యాలు ఆకులలో, పులిసిన మజ్జిగ వంటి పుల్లని పదార్థాలు రాతి పాత్రలో వడ్డించాలని అక్కడ ఉంది. సంహిత చదవని మన అమ్మమ్మలు పులుసును రాచిప్పలో కాచారు, విస్తరాకులో భోజనం పెట్టారు, ఊరగాయను జాడీలో ఉంచారు. శాస్త్రం, ఆచారం ఇక్కడ ఒకే మాట చెప్పాయి.

దీనిలోని కారణం సులభం. చింతపండు, పెరుగు, నిమ్మరసం రాగిని, ఇత్తడిని కరిగించి చిలుము పట్టిస్తాయి. చిలుము కడుపులోకి పోతే వికారం, వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. రాతిని ఆ పులుపు అంతగా అంటదు. కంచు పాత్రలో పది రోజులు నిలువ ఉంచిన నెయ్యిని వాడరాదని అష్టాంగహృదయం చెప్పడం కూడా ఇటువంటి జాగ్రత్తే.

ఇత్తడి పాత్రలో వండక తప్పదు గనుక లోపల తగరపు పూత పూయించేవారు. ‘కళాయి పూస్తాం’ అని కేక వేస్తూ వచ్చే మనిషి కోసం ఇల్లాళ్లు ఎదురు చూసేవారు. అతడు నేలలో చిన్న గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, తగరపు కడ్డీని తాకించి, గుడ్డతో క్షణాలలో లోపలంతా తుడిచేవాడు. నల్లని గిన్నె వెండిలా మెరిసేది. నేడు ఇత్తడి, రాగి పాత్రలను ముచ్చటపడి కొనేవారు చాలామంది ఉన్నారు. వారిలో కళాయి సంగతి ఆలోచించేవారు తక్కువ. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరిగిపోతుంది. కాబట్టి కళాయి పూసిన గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టరాదు, తిరగమోతకు వాడరాదు. పూత చెదిరి ఇత్తడి కనిపించగానే మళ్లీ పూయించాలి. తగరంలో సీసం కలిపి పూస్తే అది పిల్లల మెదడుకు హాని కలిగిస్తుంది గనుక నమ్మకమైనవారి చేతనే పూత వేయించాలి.

ఇనుప మూకుడు, ఇనుప పెనం మాత్రం సందేహం లేకుండా నిలుపుకోవలసినవి. వాటిలో వండిన కూరకు కొంత ఇనుము చేరుతుంది. పాండురోగానికి ఆయుర్వేదంలో లోహభస్మం, మండూరం ప్రధానౌషధాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. మూకుడు ఒక్కటే రక్తహీనతను పోగొట్టలేదు గాని, మందుకు, మంచి ఆహారానికి తోడుగా నిలుస్తుంది. వండిన కూరను వెంటనే వేరే పాత్రలోకి తీసుకొని, మూకుడును తుడిచి, పలుచగా నూనె రాసి ఉంచాలి.

మన పెద్దలు ‘సత్తు గిన్నెలు’ అని పిలిచిన అల్యూమినియం పాత్రలు చవక, తేలిక కావడంతో త్వరగా వ్యాపించాయి. అన్నానికి, పాలకు వాడినా, చింతపండు పులుసు, టమాటా, పెరుగు వాటిలో నిలువ ఉంచరాదు. తరువాత వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు ఈ పులుపు చిక్కును చాలావరకు తీర్చింది.

రోకలి పోయి మిల్లు వచ్చినప్పుడు

కొత్త యంత్రం ప్రతిదీ మేలే చేసిందని కూడా అనలేం. ఇంట్లో వడ్లు దంచుకొనే రోజులలో బియ్యం మీద తవుడు పొర కొంత మిగిలేది. బియ్యపు మిల్లులు వచ్చాక మల్లెపువ్వు వంటి తెల్లని అన్నం గౌరవచిహ్నమైంది. ఆ తెలుపు వెనుక బి1 విటమిను పోయింది. దానివల్ల కలిగేది బెరిబెరి. కాళ్లు మొద్దుబారి, వాచి, గుండె బలహీనపడే ఈ వ్యాధి ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో నాటి మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాలలో, అంటే మన కోస్తా తెలుగునేలలో విస్తరించి ఉండేది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ అక్రాయిడ్, ఆయన సహచరులు దీనిని అధ్యయనం చేశారు. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలలో వ్యాధి తక్కువ. పచ్చిబియ్యాన్ని మిల్లులో తెల్లగా పట్టించి తినేచోట ఎక్కువ. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు విటమిను గింజలోపలికి చేరడమే దీనికి కారణం. ఆ పరిశోధనాలయమే తరువాత హైదరాబాదుకు తరలివచ్చి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందింది.

బియ్యాన్ని పలుమార్లు కడగడం, గంజి వార్చి పారబోయడం ఈ నష్టాన్ని పెంచుతాయి. వెనుకటివారు గంజిని పారబోసేవారు కారు. ఉప్పు వేసి తాగేవారు, తరవాణి కుండలో పోసేవారు. అన్నం వార్చే అలవాటు మిగిలి, గంజి తాగే అలవాటు పోవడం మన పొరపాటు.

రోలు, మిక్సీ, ఇల్లాలి శ్రమ

రోటిలో రుబ్బిన పిండి, పచ్చడి రుచిగా ఉంటాయనడంలో సందేహం లేదు. ‘రోలు, తిరగలి ఆడవారికి వ్యాయామం, అందుకే వెనుకటివారికి నడుము నొప్పులు లేవు’ అనే మాటను మాత్రం శాస్త్రంతో పరీక్షించాలి. వ్యాయామం అర్ధశక్తి వరకే చేయాలనీ, బలవంతులు, స్నిగ్ధాహారం తీసుకొనేవారు మాత్రమే చేయాలనీ అష్టాంగహృదయం నియమించింది. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, రక్తపిత్తం వంటివి కలుగుతాయని హెచ్చరించింది. అందరూ భోంచేసిన తరువాత మిగిలినది తిని, నెలలు నిండుతున్నా ఇంటిల్లిపాదికీ పిండి రుబ్బిన స్త్రీ విషయంలో ఈ నియమాలలో ఏది పాటించబడింది? ఆమె చేసినది వ్యాయామం కాదు, చాకిరి. వ్యాయామానికి విశ్రాంతి ఉంటుంది.

1955లో కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి రూపొందించిన విద్యుత్తు గ్రైండరు, తరువాత వచ్చిన సుమీత్ మిక్సీ ఈ చాకిరిని తగ్గించాయి. వాటిని నిందించడం అన్యాయం. మిక్సీలో పదార్థం వేడెక్కి రుచి తగ్గకుండా కొద్దికొద్దిగా, ఆపి ఆపి తిప్పితే చాలు. మిగిలిన కాలాన్ని ఇల్లాలు ఉదయపు నడకకు, యోగాసనాలకు వినియోగించుకోవాలి. ఆ కాలం ఆమెకు దక్కేలా చూడడం ఇంట్లో తక్కినవారి బాధ్యత.

కుక్కరు, ఫ్రిజ్

మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ 1959 ప్రాంతంలో ఊపందుకుంది. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది; కుక్కరులో సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. అందువల్ల పప్పు త్వరగా, మెత్తగా ఉడుకుతుంది. కుక్కరులో సారమంతా నశిస్తుందనే భయం అవసరం లేదు. తక్కువ కాలం ఉడకడం, నీటిని పారబోయకపోవడం దానిలోని మేలు.

గోద్రెజ్ సంస్థ 1958లో ఫ్రిజ్‌ల తయారీ ప్రారంభించింది. ఫ్రిజ్ పాలను, కూరగాయలను కాపాడుతుంది. అయితే వేడిగా భుజించమని చరకుడు చెప్పిన ఆహార నియమాన్ని మనచేత మరపించింది కూడా అదే. మూడు రోజుల పప్పును మళ్లీ మళ్లీ వేడిచేసి తినడం తప్పు. అది ఫ్రిజ్ తప్పు కాదు, మన అలవాటు తప్పు.

గృహిణులు, గృహస్థులు గమనించవలసినవి

1. కట్టెల పొయ్యి తప్పనిసరి అయితే ఆరుబయట గాని, పొగగొట్టం ఉన్నచోట గాని వాడాలి. గర్భిణులను, పసిపిల్లలను దూరంగా ఉంచాలి.

2. గ్యాసు పొయ్యి ఉన్న వంటింటికీ కిటికీ ఉండాలి. తాలింపు పొగ పోవడానికి గాలిపంకా మేలు.

3. మూసిన గదిలో కుంపటి ఎన్నడూ పెట్టరాదు.

4. పులుపు వంటలకు రాయి, మట్టి, స్టీలు పాత్రలు. వేపుళ్లకు ఇనుప మూకుడు.

5. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో వండరాదు. పెరుగు, మజ్జిగ, ఊరగాయ ఉంచరాదు.

6. వీలైనంతవరకు దంపుడు బియ్యం లేదా ఉప్పుడు బియ్యం వాడాలి. తెల్లబియ్యమైతే తక్కువసార్లు కడిగి, అత్తెసరు పెట్టాలి.

7. మిగిలిన అన్నం, కూర రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికి ముగించాలి. వేడిచేసేటప్పుడు పొగలు కక్కేవరకు ఒక్కసారే వేడిచేయాలి.

8. చేయి కాలితే 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచాలి. నెయ్యి, సిరా, పళ్లపొడి రాయరాదు.

9. నిలబడి వండేవారికి గట్టు ఎత్తు నడుముకు సరిపోవాలి. గంటల తరబడి నిలబడక నడుమ కూర్చోవాలి.

పాత వంటింటిలోని పాత్రల జ్ఞానాన్ని, వేడివేడిగా వడ్డించే మర్యాదను, గంజిని కూడా వృథా చేయని పొదుపును తెచ్చుకుందాం. పొగను, చాకిరిని అక్కడే వదిలివేద్దాం. మీ ఇంటి పెద్దవారిలో ఎవరైనా దశాబ్దాలపాటు కట్టెల పొయ్యి ముందు కూర్చొని, ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారేమో గమనించండి. ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోకుండా వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లి, ఎన్నేళ్లు పొగలో వంట చేశారో తప్పక చెప్పండి. తాను తాగిన పొగను ఆమె ఎన్నడూ ఎవరితోనూ చెప్పుకొని ఉండదు. మనమే అడిగి తెలుసుకోవాలి.